పిస్తోలు గురి - రేంజిలో బోధన

పిస్తోలు గురి పుట్టుకతో వచ్చిన స్థిరహస్తము వలన లభించు వరమా, వేలకొలది తూటాలు వ్యయము చేసినవానికి కాలక్రమమున దానంతట అదియే అబ్బు అలవాటా, లేక గురువొకడు క్రమము తప్పక బోధింపగా పట్టుబడు విద్యయా అను ప్రశ్న షూటింగ్ రేంజీలకు వచ్చిపోవువారి నడుమ ఎన్నడును తెగినది కాదు. ఈ మూడు పక్షములలో మొదటిది సోమరులకు ప్రియమైనది, రెండవది తూటాలమ్మువారికి ప్రియమైనది, మూడవది శిక్షకులకు ప్రియమైనది. కనుక ఎవరి మాట వినినను వారి ప్రయోజనమును కూడ కొంచెము తూచి వినవలసియున్నది. ఒలింపిక్ క్రీడలలోని పిస్తోలు పోటీలను, అందును మన దేశమున నేడు మిక్కిలి ప్రచారములో నున్న 10 మీటర్ల ఎయిర్ పిస్తోలును, 25 మీటర్ల పిస్తోలును దృష్టియందుంచుకొని, రేంజిలో జరుగు బోధన ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు అను విషయమును ఇచ్చట పరిశీలింతును. ఆత్మరక్షణకును పోలీసు విధులకును నేర్పు కాల్పు వేరొక శాస్త్రము. దాని జోలికి పోను. నా అభిప్రాయమును ముందే చెప్పుట మేలు. శిక్షకుడు శిష్యుని చేతిని శిలవలె నిలుపలేడు. తూటా వెడలిన క్షణముననే శిష్యుడు తన తప్పును తాను గుర్తించునట్లు మాత్రము చేయగలడు. ఈ పని చేయు బోధనయే ఫలించుచున్నది; తక్కినదంతయు టార్గెట్టు కాగితమును చూచి చెప్పు జోస్యము.

ముందుగా లక్ష్యము మననుండి అడుగునదెంతయో చూతము. ఎయిర్ పిస్తోలు టార్గెట్టులో పది పాయింట్ల వలయపు వ్యాసము 11.5 మిల్లీమీటర్లు, కంటికి నల్లగా కనబడు వృత్తమంతయు 59.5 మిల్లీమీటర్లు. పెల్లెట్టు వ్యాసము 4.5 మి.మీ.; అది గీతను తాకినను పై అంకెయే లభించును గనుక, దాని నడిబిందువు టార్గెట్టు కేంద్రమునకు 8 మి.మీ. లోపల పడినచో పది వచ్చినట్లే. ఎలక్ట్రానిక్ టార్గెట్లపై 60 కాల్పులకు 75 నిమిషముల వ్యవధి. పిస్తోలు బరువు 1,500 గ్రాములకు మించరాదు, ట్రిగ్గరు లాగుటకు పట్టు బలము 500 గ్రాములకు తగ్గరాదు. మణికట్టునకు ఏ విధమైన ఆధారమును ఉండరాదు. కాల్చువాడు ఒంటిచేతిని చాచి నిలువవలెను. చాచిన చేతి చివరను ఇంచుమించు కిలో బరువుగల యంత్రమును పట్టుకొని కదలక నిలుచుట మానవశరీరమునకు అసాధ్యము. ప్రపంచ విజేతల చేయియును కదలును. ఈ సత్యమును మొదటి దినముననే చెప్పని శిక్షకుడు శిష్యునికి తీరని అపకారము చేసినవాడగును, ఏలయన, కదలిక పూర్తిగా ఆగు క్షణము కొరకు వేచియుండుటయే అలవాటైన శిష్యుడు, అట్టి క్షణమువంటిది కనబడినంతనే ట్రిగ్గరును చటుక్కున లాగును, పాడగుటయు అచ్చటనే.

చేయి కదలుచుండగా పది యెట్లు వచ్చును? ఇచ్చట చిన్న రేఖాగణితము అవసరము. పిస్తోలుకు వెనుక నొక గాడి, ముందొక దిమ్మె, ఈ రెండు సైట్లు కలవు. రెండును ఒకదానిలో నొకటి సరిగా ఇమిడి, దిమ్మెకు ఇరుప్రక్కల వెలుతురు సమముగా కనబడుచు, పై అంచులు ఒకే మట్టమున నున్నపుడు, చేయి మొత్తముగా అటునిటు కదలినచో, టార్గెట్టుపై కంటికి ఎంత తప్పు కనబడునో తూటాయు అంతే తప్పును. నాలుగు మిల్లీమీటర్లు జరిగినట్లు కనబడినచో నాలుగే తప్పును, అదియు పదియే. కాని సైట్ల నడుమ పొందిక చెడినచో కథ వేరు. ఎయిర్ పిస్తోలులో ఈ రెండింటి నడుమ దూరము సుమారు 32 సెంటీమీటర్లు. ముందు సైటు గాడిలో కేవలము పావు మిల్లీమీటరు ప్రక్కకు ఒరిగినను, ఆ కోణము పది మీటర్ల దూరము పోవునప్పటికి ఇంచుమించు 8 మిల్లీమీటర్లై, పది అంచునకు చేరును. ఒక మిల్లీమీటరు ఒరిగినచో 31 మిల్లీమీటర్లు తప్పి నల్లని వృత్తమునే దాటిపోవును. 25 మీటర్ల పిస్తోలులో సైట్ల దూరము 22 సెంటీమీటర్లకు మించరాదను నియమమున్నది. అచ్చట పావు మిల్లీమీటరు ఒరుగు 28 మిల్లీమీటర్ల తప్పగును. ఆ పోటీలో తీరికగా కాల్చు భాగమున పది వలయము 50 మిల్లీమీటర్లు గనుక, 5.6 మి.మీ. తూటా వెడల్పును కూడ లెక్కించినచో, ఇదియు సరిగా పది అంచుననే నిలుచును. రెండు పోటీలును వేర్వేరు కాలములలో, వేర్వేరు ఆయుధములకై రూపొందినవి. అయినను రెండింటను పదికిని తొమ్మిదికిని నడుమనున్న సరిహద్దు సైట్లలో పావు మిల్లీమీటరే యగుట నాకు మిక్కిలి వింతగా తోచినది.

దీనినిబట్టి బోధనలో ప్రథమసూత్రము స్పష్టమగుచున్నది: కన్ను ముందు సైటుపై నిలువవలెను, టార్గెట్టు మసకగా కనబడవలెను. మానవనేత్రము ఏకకాలమున చేయి చాచినంత దూరమును, పది మీటర్ల దూరమును స్పష్టముగా చూడజాలదు. రెండింటిలో దేనిని మసకబరచుకొనవలెనో నిర్ణయింపక తప్పదు. కోణపు తప్పు హెచ్చవేతకు లోనగును, స్థానపు తప్పు లోను గాదు. కావున టార్గెట్టునే మసకబరచుకొనవలెను. అందువలననే అనుభవజ్ఞులు నల్లని వృత్తపు నడుమను గురిచూడక, దాని క్రిందనున్న తెల్లని భాగమున సైట్లను నిలిపి, తూటా మీదికి పోవునట్లు వెనుక సైటును సరిచేసికొందురు. తెల్లని నేపథ్యమున నల్లని దిమ్మె అంచులు చక్కగా కనబడును. మన పురాణశ్రోతలకు సుపరిచితమైన ద్రోణపరీక్షలో అర్జునునికి పక్షి శిరస్సు తప్ప వేరేమియు కనబడలేదు. ఆ శిష్యుడే నేడు పిస్తోలు పట్టి అదే చూపు చూచినచో ఏడునకు మించి కొట్టలేడని చెప్పవలసియున్నది. అయితే ఆ కథలో ఆచార్యుడు చేసిన పనిని మాత్రము నేటి శిక్షకులు తప్పక గమనింపవలెను. ఆయన బాణము ఎచ్చట గ్రుచ్చుకొనునో చూడలేదు. బాణము విడువకమునుపే నీకేమి కనబడుచున్నదని అడిగెను. శిష్యుని చూపును పరీక్షించి, చూపు సరిగా లేనివానిని బాణము వేయనీయక దింపివేసెను.

నిలుకడ, పట్టు, ఊపిరి యను విషయములలో వివాదము తక్కువ. గ్రంథములన్నియు ఇంచుమించు ఏకకంఠముగా పలుకుచున్నవి. కన్నులు మూసికొని చేయెత్తి, తెరచి చూచినపుడు సైట్లు టార్గెట్టునకు ప్రక్కగా నున్నచో, చేతిని బలవంతముగా త్రిప్పక వెనుక పాదమును జరుపవలెను. కర్రపిడి అరచేతికి అచ్చుపోసినట్లు ఇమడవలెను. ఇమడనిచో ఆకురాయితో అరగదీయవలెను, లేదా లప్పముతో పూరింపవలెను. ఊపిరిని సగము విడిచి, సహజముగా వచ్చు విరామమున కాల్చవలెను. ఇవి శిక్షకుడు ప్రక్కన నిలిచి కొలది దినములలో సరిచేయదగినవి. స్వయముగా నేర్చుకొనువాడు ఇవే తప్పులను ఏండ్లతరబడి మోయును. ఏ కన్ను ప్రధానమైనదో తెలిసికొనక తప్పు కంటితో గురిచూచువారును, నలుబది దాటిన పిదప ముందు సైటు మసకబారగా చేయి వణకుచున్నదని భ్రమపడి వ్యాయామములు చేయువారును కలరు. ఆ దూరమునకు సరిపోవు కటకము నొకదానిని పెట్టుకొన్నచో వారి వ్యాధి తీరును. భద్రతానియమములు వీటికన్న ముందటివి, చర్చకు అందనివి: గొట్టము ఎల్లవేళల టార్గెట్టు వైపుననే యుండవలెను, రేంజి ఆఫీసరు ఆజ్ఞ లేక ఆయుధమును ముట్టరాదు, కాల్చుటకు సిద్ధపడు వరకు వ్రేలు ట్రిగ్గరుపై ఉండరాదు, గొట్టమున ఏమియు లేదని తెలుపు రంగుతీగ పైకి కనబడుచుండవలెను.

వివాదమంతయు ట్రిగ్గరు వద్ద మొదలగును. పూర్వపు సైనికశిక్షణలనుండి వచ్చిన సంప్రదాయ మొకటి, కాల్చువానికి తెలియకుండనే పిస్తోలు పేలవలెనని చెప్పును. అనగా, వ్రేలి యొత్తిడి క్రమముగా, ఎడతెగక పెరుగుచుండవలెను, ఏ క్షణమున పేలునో కాల్చువాడు ఊహింపరాదు. ఈ ఉపదేశము వెనుక గొప్ప అనుభవమున్నది. పేలుడును ముందుగా ఊహించిన శరీరము ఆ దెబ్బకు సిద్ధపడుచు, తూటా గొట్టమును విడువకముందే మణికట్టును క్రిందికి వంచును. ఆ వంపు కాల్చువాని కంటికి కనబడదు, ఏలయన అదే క్షణమున పేలుడు దానిని కప్పివేయును. దీనిని బయటపెట్టుటకు శిక్షకులు చేయు పరీక్ష మిక్కిలి తేలికైనది, మిక్కిలి నిర్దయమైనది. 25 మీటర్ల పిస్తోలు మ్యాగజీనులో అసలు తూటాల నడుమ ఉత్తుత్తి తూటాను శిష్యునికి తెలియకుండ పెట్టి ఇత్తురు. అది వచ్చినపుడు పేలుడు లేదు గనుక, పిస్తోలు ముక్కు వంగుట అందరికిని కనబడును. వేయి మాటలు చెప్పినను నమ్మని శిష్యుడు ఈ ఒక్క వంపును చూచి నమ్మును. తన తప్పును తాను చూచుట యనగా నిదియే.

కాని తెలియకుండ పేలవలెనను సూత్రమును పరమసత్యముగా గైకొన్నచో చిక్కు వచ్చును. మహిళల 25 మీటర్ల పోటీలో మొదటి 30 కాల్పులు తీరికగా కాల్చునవి. రెండవ 30 కాల్పులలో టార్గెట్టు 3 సెకన్లు మాత్రమే అందుబాటులో నుండి, 7 సెకన్లు మరుగగును. ప్రతిసారియు చేతిని 45 డిగ్రీల వాలునుండి పైకెత్తి ఒక్కతూటా కాల్చి మరల దింపవలెను. ట్రిగ్గరు బరువు 1,000 గ్రాములకు తగ్గరాదు. మూడు సెకన్లలో ఆశ్చర్యమునకు తావెక్కడిది? అచ్చట వ్రేలు చేయి లేచుచుండగనే సగము బరువును తీసికొని, సైట్లు నిలకడకు వచ్చిన క్షణమున మిగిలిన సగమును సంకల్పపూర్వకముగా తీయవలెను. కావున నేటి శిక్షకులలో వివేకవంతులు ఆశ్చర్యమను మాటను విడిచి, ట్రిగ్గరు తీత సైట్లను కదపరాదు, ఒకసారి మొదలైన యొత్తిడి ఆగరాదు అని మాత్రము చెప్పుచున్నారు. ఇది మధ్యేమార్గముగా కనబడినను, నా దృష్టిలో ఇదియే సరియైన సూత్రీకరణము. పాత ఉపదేశము తొలిదినముల బాలునికి మందు, ముదిరినవానికి బంధనము.

తూటా లేని అభ్యాసమును గూర్చి అందరును పొగడుదురు, కొందరే చేయుదురు. ఖాళీ పిస్తోలుతో తెల్లని గోడవైపు నిలిచి, సైట్లను తప్ప వేరేమియు చూడక, ట్రిగ్గరు తీసి, తీసిన పిదపను చూపు మరల్చక రెండు మూడు సెకన్లు నిలుచుట దీని స్వరూపము. నేటి ఎయిర్ పిస్తోళ్లలో పెక్కింటికి గాలి విడువకయే ట్రిగ్గరు పనిచేయు ఏర్పాటు కలదు. పేలుడు లేదు, అంకె లేదు, గోడపై గుర్తు లేదు. కనుక మనస్సు సైట్లపై నిలుచుట తప్ప వేరు దిక్కు లేదు. తీసిన పిదపను నిలుచుట వట్టి మర్యాద కాదు: పెల్లెట్టు సెకనుకు సుమారు 150 మీటర్ల మందగమనముతో పోవుచుండగా, అది గొట్టమును విడుచులోపల చేయి సడలినచో ఆ సడలింపు టార్గెట్టుపై వ్రాయబడును. రేంజిలో గంటకు రుసుము చెల్లించిన తలిదండ్రులు తమ బిడ్డ గోడవైపు నిలిచియుండుటను చూచి అసంతృప్తి చెందుదురనియు, అందువలన తొలిదినమే పెల్లెట్ల డబ్బా చేతికి ఇయ్యక తప్పుట లేదనియు కొందరు శిక్షకులు వాపోవుదురు. తలిదండ్రుల తొందరను నేను అర్థము చేసికొనగలను. శిక్షకుల లొంగుబాటును మాత్రము అంగీకరింపజాలను.

ఇక తప్పులను కనిపెట్టు పద్ధతులు. చాల రేంజీల గోడలపై నేటికిని ఒక పటము వ్రేలాడుచుండును: టార్గెట్టును ముక్కలుగా విభజించి, తూటాలు క్రింద ఎడమవైపు పడినచో ట్రిగ్గరును గుంజినట్లు, పైన పడినచో మణికట్టును విరిచినట్లు, ఇట్లు ప్రతి భాగమునకును ఒక పాపమును అంటగట్టిన పటము. ఒంటిచేతి కాల్పుకై, కుడిచేతివాటము వారికై ఏర్పడిన యీ పటమును ఎడమచేతివారికిని, రెండు చేతులతో పట్టువారికిని యథాతథముగా వర్తింపజేయుట హాస్యాస్పదము. వర్తించు చోటునను ఒకే ఫలితమునకు కారణములు పెక్కు: సైట్లు సరిగా అమర్చకపోవుట, వెలుతురు మారుట, పిడి వదులగుట, కన్ను అలయుట. కాగితమును చూచి రోగనిర్ణయము చేయు శిక్షకుడు సగముసార్లు తప్పును, శిష్యుడు లేని రోగమునకు మందు మ్రింగును. దీనికన్న శ్రేష్ఠమైనది, కాల్చిన వెంటనే టార్గెట్టు తెరను చూడకమునుపు తూటా ఎచ్చట పడినదో శిష్యునిచేత చెప్పించుట. ఎనిమిది, కుడివైపు అని శిష్యుడు చెప్పి, తెరపై అదే కనబడినచో, స్కోరు తక్కువైనను ఆ పాఠము సఫలమైనది. పది కొట్టి, ఎట్లు కొట్టెనో తెలియనివాని పాఠము ఇంకను మొదలు కాలేదు.

ఈ విషయమున ఎలక్ట్రానిక్ టార్గెట్లు చేసిన మేలునకు జతగా కీడును కూడ చెప్పుకొనవలెను. ప్రతి కాల్పునకును తత్క్షణము దశాంశముతో సహా అంకె తెరపై కనబడుచుండగా, శిష్యుడు తన యింద్రియములను నమ్ముట మాని తెరను నమ్ముట మొదలుపెట్టును. 1984లో సల్మోనీ, ష్మిట్, వాల్టర్ అను ముగ్గురు చేసిన సుప్రసిద్ధ సమీక్ష, ప్రతి ప్రయత్నమునకును ఫలితము తెలుపుచు నేర్పిన విద్య నేర్చుచుండగా శీఘ్రముగా వృద్ధి చెందినట్లు కనబడి, ఆ తెలుపుట ఆగినంతనే సన్నగిల్లుననియు, అడపాదడపా తెలుపుచు నేర్పినది నిలుచుననియు వాదించినది. ఇది తుపాకుల కొరకు వ్రాసినది కాదు. అన్ని శరీరవిద్యలకును సంబంధించినది. అయినను పిస్తోలు రేంజికి దీనికన్న సరిపోవు సలహా వేరొకటి నాకు కనబడలేదు. తెరను పదేసి కాల్పులకొకసారి మాత్రమే చూడనిచ్చు శిక్షకుడు శిష్యుని కోపమునకు గురియగును. అతడే మంచి శిక్షకుడు. రష్యాలో పుట్టిన స్కాట్ వంటి పరికరములు గొట్టమునకు అమర్చిన చిన్న సాధనము ద్వారా గురి కదలిన బాటనంతను గీతగా చూపును. ట్రిగ్గరు తీయుటకు ముందటి సెకనులో చేయి ఏమి చేసినదో బయటపడును. ఇవి శిక్షకుని కంటికి సాయము, శిష్యుని కంటికి కాదు. దినమంతయు ఆ గీతలను చూచుకొనుచు మురియువారు తెరకు కొత్తరూపమున దాసులైనవారే.

గ్రంథసంప్రదాయములను గూర్చి క్లుప్తముగా. సోవియట్ యుగపు యూర్యెవ్ గ్రంథము శరీరశాస్త్రమును పునాదిగా గైకొని నిలుకడను, కండరముల శ్రమను, కంటి అలసటను విడివిడిగా విచారించినది. ఆ దేశమునుండి వచ్చిన శిక్షకులు ప్రపంచమంతట, మన దేశమున కూడ, ఆ ముద్రను విడిచిరి. అమెరికా సైన్యపు గురికాల్పు దళము ప్రచురించిన మార్గదర్శి సైట్ల పొందికను, ట్రిగ్గరు తీతను తప్ప తక్కినవాటిని ఉపాంగములుగా చూచినది. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పిస్తోలు స్వర్ణమును గెలిచిన స్వీడను దేశీయుడు రాగ్నర్ స్కానాకర్ ఆటగాని అనుభవమునుండి వ్రాసెను. ఇటీవలి శాస్త్రజ్ఞులలో గాబ్రియేల్ వుల్ఫ్ మొదలగువారు, అభ్యాసి తన అవయవములపై కాక బయటనున్న ఫలితముపై దృష్టి నిలిపిననే చేష్ట సహజమగునని తేల్చిరి. జోన్ వికర్స్ నిపుణులు చేష్టకు ముందు చూపును ఒకేచోట దీర్ఘముగా నిలుపుదురని కనుగొని, దానికి ప్రశాంతనేత్రమను అర్థమిచ్చు పేరు పెట్టెను. వ్రేలును గమనింపుము, మణికట్టును బిగింపుము, భుజమును దింపుము అని శిష్యుని చెవిలో ఎడతెగక పలుకు శిక్షకుడు వీరి పరిశోధనలను చదివినచో మౌనమును అభ్యసించును. ముందు సైటు శరీరములో భాగము కాదు, బయటిది. దానినే చూడుమనుట పాతవారి ఉపదేశము. ఆ విధముగా పాతవారును కొత్తవారును ఒకే గడపకు చేరినారు.

చేతి స్థిరత్వమే సర్వస్వమని వాదించువారికి ఒక సాక్ష్యము కలదు, దానిని దాచుట న్యాయము కాదు. గుండెవేగమును, వణకును తగ్గించు బీటా బ్లాకర్ జాతి మందులు పిస్తోలు స్కోరును పెంచునని 1986లో ప్రచురితమైన ఒక ప్రయోగము నిరూపించినది. అందువలననే అవి ఈ క్రీడలో నిషిద్ధములు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా క్రీడాకారుడు కిమ్ జాంగ్ సు ప్రొప్రనలాల్ వాడినట్లు తేలగా, అతని రజత, కాంస్య పతకములు రెండును వెనుకకు తీసికొనిరి. అనగా వణకు లెక్కలోనిదే. కాని ఆ మందు లాభించినది ఇదివరకే కాల్చుట నేర్చినవారికి. నేర్వనివానికి నిలుకడగా తప్పుటయే దక్కును. అవతలి పక్షమునకు హంగరీ సైనికుడు కారోలీ టకాచ్ సాక్షి. 1938లో సైనికాభ్యాసమున గ్రెనేడు చేతిలోనే పేలి కుడిచేయి ధ్వంసము కాగా, ఆయన రహస్యముగా ఎడమచేతితో అభ్యసించి, 1948 లండనులోను, 1952 హెల్సింకీలోను ర్యాపిడ్ ఫైర్ స్వర్ణములు గెలిచెను. విద్య కుడిచేతి కండరములలోనే యుండినచో అది ఆ చేతితోనే పోవలసినది.

పరికరములను గూర్చి ఎంత తక్కువ చెప్పిన అంత మేలు. ఆస్ట్రియా స్టెయిర్, స్విట్జర్లాండు మోరినీ, జర్మనీ వాల్తర్, ఇటలీ పార్దీనీ పిస్తోళ్లలో ఏది గొప్పదను వాదము రేంజి బయట టీకొట్టు వద్ద జరుగదగినది. 2024 పారిస్‌లో టర్కీ దేశీయుడు యూసుఫ్ దికెచ్, ఏబదియొక్క యేండ్ల వయస్సున, ప్రత్యేకమైన కటకములు గాని కంటిపట్టీలు గాని లేక, రెండు కన్నులను తెరచి, ఎడమచేతిని జేబులో పెట్టుకొని మిశ్రమ జట్టు రజతమును సంపాదించిన చిత్రము లోకమంతయు చూచినది. దానిని చూచి పరికరములు అనవసరమనుకొనుటయు పొరపాటే. ఆయన చేతిలోని పిస్తోలు పోటీ పిస్తోలే, ఆ జేబు వెనుక ఏండ్ల సైనికశిక్షణ కలదు.

శిక్షకునికిని శిష్యునికిని నడుమగల సంబంధమునకు మన దేశమున ఇటీవల అందరును ఎరిగిన నిదర్శనము జస్‌పాల్ రాణా, మనూ భాకర్‌ల వృత్తాంతము. 1994 హిరోషిమా ఆసియా క్రీడలలోను, 2006 దోహాలోను స్వర్ణములు గెలిచిన రాణా తరువాత శిక్షకుడై, 2020లో ద్రోణాచార్య పురస్కారము నందెను. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు గురుశిష్యులు విడిపోయిరి. 2021లో ఆ క్రీడలలో అర్హతపోటీ నడుమ మనూ పిస్తోలు మొరాయింపగా విలువైన నిమిషములు పోయి, 575 పాయింట్లతో పన్నెండవ స్థానమున నిలిచి ఫైనలునకు దూరమయ్యెను. 2023లో మరల కలిసిరి. 2024 పారిస్‌లో ఆమె ఎయిర్ పిస్తోలులో 221.7 పాయింట్లతో కాంస్యమును, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిశ్రమ జట్టు కాంస్యమును గెలిచి, 25 మీటర్లలో నాలుగవ స్థానము పొందెను. ఆ దినములలో రాణా అధికారిక శిక్షకవర్గములో లేక ప్రేక్షకుల నడుమ కూర్చుండి యుండెను. ఇది కొందరికి అన్యాయముగా తోచెను. నాకు మాత్రము ఈ విద్యాస్వభావమునకు తగిన దృశ్యముగా తోచినది. అర్హతపోటీలో కాల్పురేఖపై నున్నవానికి శిక్షకుడు మాటతో బోధింపరాదని నియమమే కలదు. మాట కావలసినచో ఆటగాడు తన చోటును విడిచి వెనుకకు రావలెను, గడియారము మాత్రము ఆగదు. పోటీదినమున శిక్షకుడు లేనట్లే. నీకేమి కనబడుచున్నదని అతడు లోపల మిగిల్చిపోయిన ప్రశ్నయే మిగులును.

ఆ ప్రశ్న లోపల నున్నవాడెట్లుండునో దక్షిణ కొరియా వీరుడు జిన్ జాంగ్ ఓ 2016 రియోలో చూపెను. 50 మీటర్ల పిస్తోలు ఫైనలులో ఒక కాల్పు 6.6కు పడిపోయి, తొలగింపు అంచునకు చేరిన పిదప, ఒక్కొక్క కాల్పుతో పైకి వచ్చి 193.7 పాయింట్ల ఒలింపిక్ రికార్డుతో వరుసగా మూడవ స్వర్ణమును కైవసము చేసికొనెను. 6.6 ఎందుకు వచ్చినదో ఎరిగినవాడు మాత్రమే తరువాతి కాల్పును 6.6 భయము లేక కాల్చగలడు. రేంజిలో దీనికి సాధన ఏమనగా, సరిలేని కాల్పును కాల్చక దింపివేయుట. చేయెత్తి ఐదారు సెకన్లలో పొందిక కుదరకున్నచో, ఎనిమిది సెకన్లు దాటిన పిదప కన్నును కండరమును క్షీణించుచునే పోవును. అయినను ఇంత కష్టపడి ఎత్తితిని గదా యను మమకారము కాల్పించును. శిష్యుని స్కోరుకన్న అతడు గంటలో ఎన్నిసార్లు పిస్తోలును కాల్చక దింపెనో లెక్కపెట్టు శిక్షకుడు దొరికినచో, ఆ శిష్యుడు అదృష్టవంతుడు.

మన దేశమున ఈ క్రీడకు సంస్థాగతరూపము 1951లో స్థాపితమైన జాతీయ రైఫిల్ సంఘముతో వచ్చినది. లోక్‌సభ తొలి స్పీకరు మావలంకర్ దానికి మూలపురుషుడు. నేటికిని జాతీయ పోటీలకు ముందు జరుగు పోటీ ఆయన పేరనే యున్నది. 1982 ఆసియా క్రీడలకై ఢిల్లీ తుగ్లకాబాదులో నిర్మించిన కర్ణీసింగ్ రేంజి చిరకాలము దేశమునకు ముఖ్యకేంద్రము. తెలుగునాట గచ్చిబౌలి రేంజి ఈ విద్యకు ఒక ద్వారమైనది. హైదరాబాదు బాలిక ఈషా సింగ్ ఆ రేంజిని చూచియే ఈ క్రీడకు ఆకర్షితురాలై, 2018లో తిరువనంతపురము జాతీయ పోటీలలో పదమూడేండ్ల ప్రాయమున మనూ భాకర్, హీనా సిద్ధూ వంటివారిని దాటి సీనియర్ ఎయిర్ పిస్తోలు విజేత యయ్యెను. 2023లో జరిగిన హాంగ్‌జో ఆసియా క్రీడలలో 25 మీటర్ల జట్టు స్వర్ణమును, మూడు రజతములను తెచ్చెను. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను కాంస్యము రైఫిలుది గాని పిస్తోలుది కాదు. అయినను ఆయన స్థాపించిన శిక్షణాలయములు పిస్తోలు నేర్చువారికిని నీడ నిచ్చినవి.

ఈషా విజయముల తరువాత మన నగరములలో ఎయిర్ పిస్తోలు రేంజీలు విరివిగా వెలసినవి. పది మీటర్లకు కొంచెము మించిన పొడవుగల గది యొకటి చాలును, అది వాణిజ్యభవనపు రెండవ అంతస్తుననున్నను అడ్డు లేదు. నిర్దేశించిన శక్తిమితికి లోబడిన 4.5 మి.మీ. గాలి ఆయుధములకు లైసెన్సు అక్కరలేదు. 25 మీటర్ల పిస్తోలు అట్టిది కాదు. అది ఆయుధచట్టమునకు లోబడిన తూటా తుపాకి. దానికి ఎత్తైన మట్టికట్టలు, తూటాను ఆపు గోడలు, విశాలమైన ఆవరణము, తూటాల కేటాయింపు కావలెను. కావున మన పిల్లలలో అధికులు నాలుగైదేండ్లు నెమ్మదికాల్పు మాత్రమే నేర్చి, పిదప ఎప్పుడో 25 మీటర్ల రేంజికి పోయి, మూడు సెకన్ల టార్గెట్టు ముందు కొత్తగా ఓనమాలు దిద్దుచున్నారు. అంతవరకు గుణమైన వారి ఓర్పు అచ్చట దోషమగుచున్నది. దీనికి తూటా లేక చేయదగిన ఉపాయము కలదు. ఎయిర్ పిస్తోలు గదిలోనే, రెండవ సంవత్సరమునుండి వారమునకొక దినమైనను, చేతిని 45 డిగ్రీల వాలున నిలిపి, సంకేతము వినబడినంతనే ఎత్తి, మూడు సెకన్లలో ఖాళీ ట్రిగ్గరు తీసి దింపు అభ్యాసమును నెమ్మదికాల్పుతో కలగలిపి చేయింపవచ్చును. షియా, మోర్గన్ అనువారు 1979లోనే కలగలుపు అభ్యాసము నేర్చునప్పుడు క్లిష్టముగా తోచినను ఎక్కువ నిలుచునని చూపియున్నారు. దీనికి కావలసిన సామగ్రి గోడగడియారము, శిక్షకుని గొంతు. అయినను ఈ అభ్యాసము పాఠక్రమములో నున్న రేంజీలు మన యొద్ద మిక్కిలి అరుదు, ఏలయన దానికి స్కోరు లేదు, స్కోరు లేనిదానిని తలిదండ్రులకు చూపుటెట్లో శిక్షకులకు ఇంకను తోచలేదు.